మెట్ట పంటలలో కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ

పచ్చని మొక్కలు సూర్యకాంతిలో నీటిని, గాలిలోని కార్బన్ డయాక్సైడును వినియోగించుకొని పిండిపదార్థాలను తయారుచేసుకొనే ప్రక్రియను కిరణజన్య సంయోగక్రియ అంటారు. ఈ ప్రక్రియలో ఆక్సిజన్ వెలువడుతుంది. ఆ ఆహారాన్ని ఆక్సిజన్ సాయంతో విడగొట్టి జీవులు శక్తిని పొందే ప్రక్రియను శ్వాసక్రియ అంటారు. మొదటిది హరితరేణువులలో, కాంతి ఉన్నప్పుడు మాత్రమే జరుగుతుంది. రెండవది ప్రధానంగా మైటోకాండ్రియాలలో, రేయింబవళ్ళు జరుగుతుంది. మొక్కలకు కాంతి ఆవశ్యకమని 1779లో ఇంగెన్‌హౌజ్ నిరూపించాడు.

దక్షిణ తెలంగాణలోని పూర్వపు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట పంటయైన జొన్న ఈ రెండు క్రియలకూ చక్కని ఉదాహరణ.

ఆకులో నీటి పొదుపు

కార్బన్ డయాక్సైడ్ పత్రరంధ్రాల ద్వారా ఆకులోనికి ప్రవేశిస్తుంది. అవే రంధ్రాల గుండా నీరు ఆవిరియై బయటికి పోతుంది. తీవ్రమైన ఎండలో రంధ్రాలు ముడుచుకొన్నప్పుడు ఆకులో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. అప్పుడు వరి, ఆముదం, వేరుశనగ వంటి సి3 మొక్కలలో రుబిస్కో అనే ఎంజైము ఆక్సిజన్‌ను ఎక్కువగా గ్రహించుట వలన కొంత కార్బన్ వృథా అవుతుంది. దీనిని కాంతిశ్వాసక్రియ అంటారు.

జొన్న, సజ్జ, మొక్కజొన్న సి4 మొక్కలు. 1966లో హ్యాచ్, స్లాక్ అను శాస్త్రవేత్తలు వివరించిన ఈ పద్ధతిలో కార్బన్ డయాక్సైడ్ తొలుత నాలుగు కార్బన్లు గల ఆమ్లంగా మారి, ఈనెల చుట్టూ ఉన్న కణాలకు చేరి, అక్కడ తిరిగి విడుదలవుతుంది. రుబిస్కో చుట్టూ దాని గాఢత అధికంగా ఉండుట వలన పత్రరంధ్రాలు కొద్దిగా తెరచుకొన్నా చాలు. అంతే బరువు పదార్థం తయారీకి సి3 మొక్కలు విడిచే నీటిలో సుమారు సగమే సి4 మొక్కలు విడుస్తాయి. వర్షాధారమైన చెల్క నేలలకు ఈ పంటలు అనువైనవి కావడానికి ఇదొక ముఖ్య కారణం.

వేళ్ళ శ్వాసక్రియ

వేళ్ళకు సైతం ఆక్సిజన్ అవసరం. నీరు నిలిచిన పొలంలో అది అందక జొన్న వేళ్ళు దెబ్బతింటాయి. వరి మొక్క కాండంలోను, వేళ్ళలోను ఉండే గాలి గదుల ద్వారా ఆక్సిజన్ క్రిందికి చేరుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు పొలాలలో వరి నీటిలో నిలువగలగడానికి కారణం ఇదే.

పాతరలో గింజలు

గింజలు కూడా సజీవమైనవే. వాటిలో తేమ, వేడి పెరిగినకొద్దీ శ్వాసక్రియ వేగవంతమవుతుంది. అందుచేతనే ధాన్యాన్ని బాగుగా ఎండబెట్టి నిలువచేస్తారు.

రాత్రివేళ చెట్టు క్రింద పడుకొంటే ఊపిరాడదని కొందరి నమ్మకం. మహబూబ్‌నగర్ వద్దనున్న పిల్లలమర్రి వంటి మహావృక్షం విడిచే కార్బన్ డయాక్సైడ్ కూడా ఆరుబయట గాలిలో కలిసిపోతుంది కనుక ఆ భయం అవసరం లేదు. జొన్నలు నిలువచేసే పాతర సంగతి వేరు. మూసిన గోతిలో గింజలు, వాటిపై పెరిగే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వాడుకొంటాయి. గాలికంటె బరువైన కార్బన్ డయాక్సైడ్ అడుగున చేరుతుంది. పాతర తెరచిన వెంటనే దిగినవారు క్షణాలలో స్పృహ కోల్పోవచ్చు, వారిని రక్షించబోయినవారూ ప్రాణాలు కోల్పోవచ్చు. లోనికి దింపిన దీపం ఆరిపోతే అది ప్రమాద సూచన. ఆరకపోయినంత మాత్రాన క్షేమమని భావించరాదు.