కరువు జిల్లాలో రైతుకు అందిన చేయూత: గంజి కేంద్రం నుంచి కొర్రల దాకా

మన జిల్లాలో పనిచేసిన ఉద్యోగి ఏ శాఖవాడైనా కరువు ఫైలు ముట్టకుండా పదవీ విరమణ చేసి ఉండడు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదను తప్పి కురిసే వాన. అందుకే రైతును ఆదుకునే పథకాల చరిత్ర ఇక్కడ చాలా పాతది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయినా, ఈ వ్యాసంలో అనంతపురం అంటే పాత ఉమ్మడి జిల్లా అనే అర్థం చేసుకోవాలి.

మన పెద్దలు ‘ధాత కరువు’ అని చెప్పుకున్నది 1876-78 నాటి మహా క్షామం. దాని తర్వాత 1880లో కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది. కరువు కోడ్‌లు వచ్చాయి. 1883, 1884 చట్టాల కింద బావికీ, ఎద్దులకూ, విత్తనానికీ తక్కావి అప్పులు ఇచ్చారు. పదహారణాలు నిండు పంటగా లెక్కగట్టే అణావారీ పద్ధతిని మనలో చాలామంది చేతులారా రాసినవాళ్ళమే. 1952 కరువులో రాయలసీమ అంతటా గంజి కేంద్రాలు వెలిశాయి. సైన్యం వచ్చి బావులు తవ్వింది. ఇవన్నీ ప్రాణం నిలబెట్టాయి, కాదనలేం. అయితే కరువు తీరగానే కేంద్రం మూసేవారు, రైతు మళ్ళీ మొదటికే వచ్చేవాడు.

నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరేనాటికి కరువు పీడిత ప్రాంతాల పథకం కొత్తగా మొదలై ఉంది. 1973-74లో వచ్చిన ఆ పథకం కరువు వచ్చాక కాక, రాకముందే చెరువు, మట్టి, చెట్టు చూడాలన్నది. ఆలోచన మంచిదే. అయితే అదే కాలంలో చేలల్లో మరో మార్పు జరిగిపోయింది. కొర్ర, సజ్జ, జొన్న, ఉలవ పండే ఎర్రనేలలను శెనక్కాయ ఆక్రమించింది. చేతికి డబ్బు తెచ్చే పంట అది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పేదవాడి కడుపు నిండింది, ఆ మేలు మరువరాదు. కానీ ఇంట్లో కొర్రన్నం వండే అవసరం తగ్గింది. 1986లో నూనెగింజల మిషన్ పెట్టారు. రానురాను జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్ల దాకా శెనక్కాయే అయింది.

ఇక్కడ లెక్క ఒకటి గమనించాలి. ఎకరా శెనక్కాయకు నలభై కిలోల పైన గింజ కావాలి. కొర్రకు రెండు మూడు కిలోలు చాలు. అప్పు తీర్చడానికి పంటంతా అమ్మిన రైతుకు మరుసటి ఏడు విత్తనం ఎక్కడిది? అందుకే ఏటా మే, జూన్ నెలల్లో సబ్సిడీ విత్తనానికి తెల్లవారుజాము నుంచే పాసుపుస్తకాలు పట్టుకుని బారులు తీరేవారు. తమ వంతు వచ్చేదాకా చెప్పులు వరుసలో పెట్టి, చెట్టు నీడన కూర్చున్న ముసలివాళ్ళను నేను చూశాను.

1985లో సమగ్ర పంటల బీమా వచ్చింది. నష్టం లెక్క మాత్రం ఒక్కొక్క చేనుకు కాదు, ప్రాంతం మొత్తానికి సగటున కట్టేవారు. మండలంలో ఒక మూల వాన పడి, మరో మూల పడకపోతే, ఎండినవాడి నష్టం పండినవాడి దిగుబడి చాటున మాయమయ్యేది. 2000లో కాండం కుళ్ళు వైరస్ తెగులు సోకి రెండు లక్షల హెక్టార్లకు పైగా శెనక్కాయ దెబ్బతింది. ఒకే పంటను నమ్ముకుంటే ఏమవుతుందో ఆ ఏడు జిల్లాకంతా తెలిసింది.

తర్వాత వచ్చిన వాటిలో నాకు మేలనిపించినవి రెండు. ఒకటి, 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించిన ఉపాధి హామీ. కరువు పనికి అది హక్కు అనే పేరు తెచ్చింది. రెండవది సర్కారుది కాదు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన తింబక్టు కలెక్టివ్ చిన్న రైతులను కూడగట్టి, రసాయనాలు లేని సేద్యానికి మళ్ళించింది. 2008లో ఏర్పడిన ధరణి సహకార సంస్థలో రైతులే వాటాదారులు. వారి కొర్రలు, సామలు, శెనక్కాయలు సంస్థే కొని, శుభ్రం చేసి, పొట్టు తీసి, బియ్యంగా, నూనెగా అమ్ముతుంది. పొట్టు తీసే మర లేకనే కొర్రలు మన వంటిళ్ళకు దూరమయ్యాయి. రోకటి పోటు ఈ కాలం కోడళ్ళు వేయగలరా? మర వచ్చాక పంటకు బేరం వచ్చింది.

2020లో కేంద్రం చిన్న ఆహార పరిశ్రమలకు పథకం తెచ్చి, పెట్టుబడిలో 35 శాతం, పది లక్షలకు మించకుండా, రాయితీ ఇచ్చింది. స్వయం సహాయక సంఘాల సభ్యురాలికి నలభై వేల వరకు మూల నిధి ఏర్పాటు చేసింది. చిక్కీ, కారప్పొడి, రాగి పిండి చేసే ఆడవాళ్ళను ఉద్దేశించిన ఇలాంటి పథకం మా కచేరీ రోజుల్లో నేను చూడలేదు.

ఈ నూట యాభై ఏళ్ళ చరిత్రలో నాకు కనిపించేది ఒక్కటే. పంట పోయాక ఇచ్చిన సొమ్ము ఆ ఏటికే సరిపోయింది. పండినదాన్ని కొనే ఏర్పాటు మాత్రం మరుసటి ఏటికీ నిలిచింది. మన పింఛను నెలనెలా తప్పక వస్తుంది, రైతుకు ఆ భరోసా ఏనాడూ లేదు. కనుక సభ్యులకు నా విన్నపం: నెలకు రెండు కిలోల కొర్రబియ్యం మన ఊళ్ళ సంఘాల దగ్గర కొనండి. మీ పిల్లల పేర ఉన్న భూమి బీడుగా ఉంటే కౌలుకిచ్చి పండించండి. అర్జీలు రాయడం మనకు చేతనైన విద్య. పథకానికి దరఖాస్తు పెట్టుకోలేని పక్కింటి అమ్మాయికి ఆ ఒక్క కాగితం రాసిపెట్టండి.