గుండెదడ నేరాంగీకారం కాదు

పాలీగ్రాఫ్ అనగానే పోలీసుల యంత్రమే స్ఫురిస్తుంది గాని, ఆ పేరుతో వైద్యులకు పూర్వపరిచయమే ఉంది. ఇరవయ్యో శతాబ్దారంభంలో బ్రిటిష్ వైద్యుడు జేమ్స్ మెకెంజీ హృద్రోగుల నాడీగతులను కాగితంపై నమోదు చేసిన పరికరం పేరు కూడా పాలీగ్రాఫే. 1921లో అమెరికాలోని బర్క్‌లీ పోలీసు శాఖలో పనిచేస్తున్న జాన్ లార్సన్ రక్తపోటును, శ్వాసను ఏకకాలంలో గుర్తించే యంత్రాన్ని రూపొందించి నేరవిచారణకు వాడాడు. రోగి బాధను తెలిపే గీతలు అలా మనిషిని శంకించే గీతలయ్యాయి.

క్రమేణా అమెరికా గూఢచార సంస్థలలో చేరగోరేవారికీ ఈ పరీక్ష తప్పనిసరి అయింది. 1988 నాటి చట్టం ప్రైవేటు యాజమాన్యాలను చాలావరకు కట్టడి చేసినా, ప్రభుత్వాన్ని మినహాయించింది. భద్రతా అనుమతికై నెలల తరబడి నిరీక్షించినవారు ఆ ఆందోళనతోనే పరీక్షకు కూర్చుంటారు.

యంత్రం పసిగట్టేది ఉద్వేగాన్నే, అబద్ధాన్ని కాదు. సి.ఐ.ఎ. ఉద్యోగి ఆల్డ్రిచ్ ఏమ్స్ సోవియట్ యూనియన్‌కు రహస్యాలు అమ్ముతూనే 1986లోను, 1991లోను పరీక్ష నెగ్గాడు. 1994లో గాని పట్టుబడలేదు. ఉద్యోగుల భద్రతా వడపోతకు దీని కచ్చితత్వం చాలదని 2003లో అమెరికా జాతీయ పరిశోధన మండలి నివేదిక తేల్చింది. నేరవిచారణలోనైనా, సమ్మతి లేకుండా ఈ పరీక్ష జరపరాదని మన సుప్రీంకోర్టు 2010లో తీర్పిచ్చింది.

నిరీక్షణలో ఉన్నవారికి వైద్యునిగా నా మాట ఒక్కటే: గుండె వేగంగా కొట్టుకోవడం దోషం కాదు, దేహధర్మం. నిద్ర చెడగొట్టుకోకండి, రక్తపోటు మాత్రలను సొంతంగా మానకండి.