మా మామిడి లారీలూ, అమెరికా రాట్ రాడ్లూ

మా టీమ్‌లో ఓ అమెరికా ఆయన శనాదివారాలు పాత ఫోర్డు ట్రక్కు విప్పి, దానికి ఇంకో బండి ఇంజను బిగిస్తుంటాడు. రాట్ రాడ్ అంటారట. తుప్పు కూడా గీకించడు, అదే అందమట! ఆ ఫొటోలు చూడగానే నాకు మా నూజివీడు తోటల్లో రసాల కోసం వచ్చి ఆగే లారీలు గుర్తొచ్చాయి.

మనవాళ్ళకి ఇది సరదా కాదండీ, బతుకుతెరువు. 1945లో యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న ఫోర్డు, షెవర్లే, డాడ్జి బండ్లు మన రోడ్లెక్కాయి. పార్టులు దొరక్కపోతే ఒకదాన్ని విప్పి ఇంకోదాన్ని నడిపేవాళ్ళు. 1954లో టాటా వాళ్ళు జర్మనీ బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టారు. అయినా చాలాకాలం కంపెనీ నుంచి వచ్చింది ఛాసీ, ఇంజను, ముందు బానెట్టు, అంతే. చెక్క క్యాబిను, వెనక బాడీ మనమే కట్టించుకోవాలి. వడ్రంగి, వెల్డరు, పెయింటరు అంతా ఒకేచోట దొరికే బెజవాడ ఆటోనగర్ అలా పెరిగిందే.

కంపెనీ ఇచ్చిన రూపం ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే, రోడ్డు మీద ప్రాణాలు ముఖ్యం. నా బాధల్లా వేరు. ఆ కొలతలేవీ కాగితం మీద లేవు, మేస్త్రీల చేతుల్లోనే ఉన్నాయి. డాక్యుమెంటేషన్ లేని కోడ్ రాసినవాడు వెళ్ళిపోతే ఏమవుతుందో మనకి తెలియనిదా?

ఈసారి ఊరెళ్తే, ఓ ముసలి మేస్త్రీ పక్కన గంటసేపు కూర్చుని రాసుకురండి. నేనైతే వేసవిలో వెళ్తున్నా.