ఆటిజం: తల్లిపై నింద నుంచి తల్లి చేతి నేర్పు వరకు

ఓడలరేవు వద్ద వైనతేయ సముద్రంలో కలుస్తుంది. నేను వైద్యవృత్తిలో ఉన్న రోజులలో ఈ తీరగ్రామాల తల్లులు కొందరు ఒకే తీరుగా చెప్పేవారు: “బాబుకి మూడేళ్లొచ్చాయండి. పిలిస్తే పలకడు. చెవుడేమో అనుకుంటే, చాక్లెట్ కాగితం చప్పుడైతే చాలు, పరుగెత్తుకొస్తాడు.” మేనమామకూ ఆలస్యంగానే మాటలు వచ్చాయని వెంట వచ్చిన పెద్దలు సర్దిచెప్పేవారు. “కొంతకాలం చూద్దాం” అని పంపించిన వైద్యులలో నేనూ ఒకడిని. ఆ మాట వల్ల కొందరు బిడ్డలు రెండు మూడేళ్ల విలువైన కాలాన్ని పోగొట్టుకున్నారు. ఆ బాధతోనే ఈ చరిత్ర రాస్తున్నాను.

ఒక పొలం కథ

‘ఆటిజం’ అనే పదాన్ని 1911 ప్రాంతంలో స్విట్జర్లాండ్ మనోవైద్యుడు బ్లాయిలర్ ప్రచారంలోకి తెచ్చారు. గ్రీకు భాషలో ‘తాను’ అనే అర్థమున్న మాట దీనికి మూలం. అయితే ఆయన దానిని స్కిజోఫ్రీనియాలోని ఒక లక్షణానికి వాడారు. 1925లో మాస్కోలో గ్రూన్యా సుఖరేవా ఆరుగురు బాలుర తీరును వర్ణించారు. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ పదకొండుమంది పిల్లలను గురించి రాసిన పరిశోధన పత్రంతో ఆటిజానికి వైద్యశాస్త్రంలో ప్రత్యేక స్థానం లభించింది.

ఆ పదకొండుమందిలో మొదటివాడు మిసిసిపీ రాష్ట్రానికి చెందిన డోనాల్డ్ ట్రిప్లెట్. వైద్యుల సలహాపై మూడేళ్ల ప్రాయంలోనే అతన్ని ఒక ఆశ్రయ సంస్థలో చేర్పించారు. సుమారు ఏడాది తరువాత తల్లిదండ్రులే వెనక్కి తెచ్చుకున్నారు. 1942లో ఊరికి దగ్గరలోని ఒక రైతు దంపతుల వద్ద ఉంచారు. ఆ బాలుడికి లెక్కపెట్టడం, కొలవడం తీరని వ్యసనం. రైతు దంపతులు దానిని మాన్పించాలని చూడలేదు. బావి తవ్వి లోతు చెప్పమన్నారు. మొక్కజొన్న సాళ్లను పదే పదే లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. 1945లో కానర్ వెళ్లి చూసేసరికి డోనాల్డ్ గుర్రాన్ని, నాగలిని నేర్పుగా నడుపుతున్నాడు. పెద్దయ్యాక అతను కళాశాల చదువు పూర్తిచేసి, బ్యాంకులో ఉద్యోగం చేసి, కారు నడిపి, ఒంటరిగా దేశాలు తిరిగి 2023లో కన్నుమూశారు. ప్రతి బిడ్డా ఇంత దూరం వస్తాడని కాదు. బిడ్డకున్న ఇష్టాన్నే పనికి దారిగా మలచవచ్చునని ఆ దంపతులు చూపించారు.

నింద, విముక్తి

ఆ పాఠాన్ని వైద్యలోకం వెంటనే గ్రహించలేదు. తల్లిదండ్రుల ప్రేమరాహిత్యమే ఆటిజానికి కారణమన్న వాదం బలపడింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ రాసిన పుస్తకం ఆ నిందను ఇంటింటికీ చేర్చింది. అంతకు మూడేళ్ల ముందే, ఆటిజం ఉన్న బాలుడి తండ్రి, మనస్తత్వ శాస్త్రవేత్త అయిన బెర్నార్డ్ రిమ్లండ్ ఆ వాదాన్ని ఖండించారు. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ 21 కవల జంటలను పరిశీలించి, జన్యువుల పాత్ర గట్టిదని చూపారు. ఉత్తర కరొలైనాలో ఎరిక్ షోప్లర్ తల్లిదండ్రులనే సహ చికిత్సకులుగా నిలబెట్టారు. రోజులో చేయవలసిన పనులను బొమ్మల వరుసగా పిల్లల కళ్లముందుంచే ఆ పద్ధతి 1972లో రాష్ట్రవ్యాప్త కార్యక్రమమైంది. నిన్న నిందితురాలైన తల్లి నేడు గురువైంది.

మన నేలపై

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం హైదరాబాదులో 1968లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ, 1984లో సికింద్రాబాదులో జాతీయ సంస్థ ఏర్పడ్డాయి. తినడం, బట్టలు తొడుక్కోవడం, శుభ్రత వంటి పనులలో బిడ్డ ఏ మెట్టు మీద ఉన్నాడో కొలిచే భారతీయ ప్రమాణాలను జాతీయ సంస్థ 1992లో వెలువరించింది. ఆటిజాన్ని అంచనా వేసే 40 అంశాల భారతీయ కొలమానం 2009లో వచ్చింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజానికి చోటు లేదు. 1999 నాటి జాతీయ ట్రస్ట్ చట్టం దానిని గుర్తించింది. 2016 చట్టం 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి.

నిపుణులు దూరంగా ఉన్నారని నిరాశ పడనక్కరలేదు. గోవాలోను, పాకిస్థాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లలతో జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలు శిక్షణ పొంది, తల్లిదండ్రులకు పన్నెండు విడతలుగా మెళకువలు నేర్పారు. ఆ తల్లిదండ్రులు బిడ్డకు స్పందించే తీరు, బిడ్డ తనంత తాను వారిని పలకరించే తీరు మెరుగుపడ్డాయి.

ఇంట్లో మొదలుపెట్టవలసినవి

ఏడాది నిండినా పిలుపునకు తిరిగి చూడకపోతే, ఏడాదిన్నరకు వేలితో చూపకపోతే, రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలకకపోతే వేచి చూడవద్దు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. రోగనిర్ధారణ పత్రం చేతికి వచ్చేవరకు నేర్పడం ఆపకండి.

పనిని చిన్న మెట్లుగా విడగొట్టి, చివరి మెట్టు నుంచి నేర్పడం సులువు. నిక్కరును తల్లి నడుము దగ్గరి వరకు లాగి, చివరి జానెడు బిడ్డ చేత లాగించాలి. అది వచ్చాక మోకాళ్ల నుంచి, ఆ తరువాత మడమల నుంచి. ప్రతిసారీ పని పూర్తిచేసిన ఆనందం బిడ్డదే అవుతుంది. చెంబుతో నీళ్లు పోసుకోవడం, అన్నం ముద్ద కలుపుకోవడం కూడా ఇలాగే నేర్పవచ్చు.

మన ప్రాంతానికి ఇంకొకటి అత్యవసరం. ఆటిజం ఉన్న పిల్లలలో కొందరు చెప్పకుండా ఇల్లు దాటిపోతారు; నీళ్లంటే చాలామందికి విపరీతమైన ఆకర్షణ. చుట్టూ కాలువలు, చెరువులు, ఏరు, సముద్రం ఉన్న కోనసీమలో “ఆగు” అనగానే నిలబడడం అక్షరాలకన్నా ముందు నేర్పవలసిన విద్య. ఆటలో భాగంగా రోజుకు పదిసార్లు చేయించండి. గేటుకు గడియ అందనంత ఎత్తులో పెట్టించండి. ఆ పిల్లవాడి సంగతి ఇరుగుపొరుగువారికి దాచకుండా చెప్పండి. వీలైతే ఈతా నేర్పించండి. ఈత వచ్చినా కాపలా మాత్రం మానవద్దు.

ఆటిజాన్ని పూర్తిగా మాన్పే మందు లేదు. మాన్పుతామని సొమ్ము అడిగేవారిని నమ్మవద్దు. మీ బిడ్డ గురించి అనుమానం ఉంటే ఈ వారమే అంగన్‌వాడీ కార్యకర్తతో గాని, పిల్లల వైద్యునితో గాని మాట్లాడండి. “కొంతకాలం చూద్దాం” అని ఆ వైద్యుడు నాలాగే అంటే, మరొకరిని అడగండి.