మూడు గంటల నుంచి తొమ్మిది నెలల దాకా: రద్దయిన రైలు, తిరిగి రావాల్సిన డబ్బు

2020 మార్చి నెలను మన క్యాంపుల్లో ఎవరూ మరచిపోలేదు. మార్చి 15న సౌదీ అంతర్జాతీయ విమానాలు ఆపింది. 21వ తేదీ ఉదయం ఆరు గంటల నుంచి దేశం లోపల తిరిగే విమానాలు, బస్సులు, టాక్సీలు, రైళ్లు కూడా ఆగిపోయాయి. మరునాడు, 22న, ఇండియాలో జనతా కర్ఫ్యూ. ఆ రోజే ప్యాసింజర్ రైళ్లన్నీ రద్దు అని రైల్వే ప్రకటించింది. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు మొదటి బండి నడిచింది. ఆ తర్వాత దేశమంతటా ప్రయాణికుల రైళ్లు ఒకేసారి ఆగడం అదే మొదలు.

మా సైట్‌లో షట్టరింగ్, స్టీల్ పని చేసే ఎనిమిది మందిమి ఆ నెలాఖరుకు సెలవు మీద ఇంటికి పోవాలి. రియాద్ నుంచి ముంబైకి విమానం, అక్కడి నుంచి మార్చి 28న రైలు. విమానం టికెట్లు కంపెనీవి, ఆ లెక్క కంపెనీదే. రైలు టికెట్లు మాత్రం మా సొంత డబ్బు. ముగ్గురికి ఊళ్లో ఇంటివాళ్లు స్టేషన్ కౌంటర్లో తీశారు. ఇద్దరు తమ ఫోన్లలో బుక్ చేసుకున్నారు. మిగతా ముగ్గురికి ఒక ఏజెంటు తీసిపెట్టాడు. బండి ఒకటే, తేదీ ఒకటే, రద్దు చేసింది కూడా ఒకరే. కానీ డబ్బు తిరిగొచ్చిన తీరు ఎవరిది వాళ్లదే. ఇట్ల ఎందుకైందని అడుగుతూ పోతే చాలా వెనక్కి పోవాల్సి వచ్చింది. ఆ చరిత్రే ఇక్కడ రాస్తున్నాం.

మన దారిలో రైలు

గల్ఫ్ అంటే విమానమే గుర్తొస్తుంది గానీ మన పెద్దలకు మొదట గుర్తొచ్చేది రైలు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం రాకముందు మన వైపు నుంచి చాలామంది బొంబాయి పోయే విమానం ఎక్కారు. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, నాందేడ్ మీదుగా పోయే దేవగిరి ఎక్స్‌ప్రెస్ లాంటి బండ్లలో ఒక బ్యాగు, ఒక పాస్‌పోర్టు, ఇంటి నిండా అప్పుతో బయల్దేరినవాళ్లే ఎక్కువ. బండి ఆలస్యమైతే విమానం పోతుంది. విమానం పోతే వీసా గడువు మీద పడుతుంది, అప్పు మీద మిత్తి పెరుగుతుంది. అందుకే రైలు ఆలస్యం, రైలు రద్దు మనకు చిన్న సంగతి ఏనాడూ కాదు.

1890లో మూడు గంటలు

రైల్వే డబ్బు వాపసు ఇవ్వడం ఈమధ్య వచ్చిన దయ అనుకునేవాళ్లు ఉన్నారు. అది తప్పు. బ్రిటిష్ కాలంలో, 1890లో చేసిన రైల్వే చట్టంలోనే ఆ మాట ఉంది. టికెట్టు కొన్నవాడికి బండిలో చోటు లేకపోతే, బండి పోయిన మూడు గంటల లోపల టికెట్టు తిరిగిస్తే డబ్బు వెంటనే ఇచ్చెయ్యాలి. ఎక్కువ తరగతి టికెట్టు కొని తక్కువ తరగతిలో పోవాల్సి వస్తే తేడా ఇవ్వాలి. అంటే హక్కుకు నూట ముప్పై ఏళ్ల పైబడి వయసుంది. కానీ దానికి గడియారం కట్టారు. మూడు గంటలు దాటితే హక్కు కూడా బండితో పాటే పోయింది.

స్వాతంత్ర్యం తర్వాత చాలాకాలం ఆ పాత చట్టమే నడిచింది. 1989లో కొత్త రైల్వే చట్టం వచ్చింది. దానికి రెండేళ్ల ముందు, 1987లో, రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ చట్టం చేశారు. ప్రమాద పరిహారం, పోయిన సరుకుతో పాటు టికెట్టు డబ్బు వాపసు కేసులు కూడా అది వింటుంది. సికింద్రాబాద్‌లో దాని బెంచి ఉంది. టికెట్ల రద్దు మీద 1998లో ఒకసారి, 2015లో మళ్లీ ఒకసారి నిబంధనలు రాశారు. ఇప్పుడు నడిచేవి 2015 నవంబర్ 12 నుంచి అమల్లోకి వచ్చినవి. వాటిలో మనకు పనికొచ్చేవి మూడు.

బండిని రైల్వేయే రద్దు చేస్తే చార్జీ మొత్తం వాపసు. ఆన్‌లైన్ టికెట్టయితే కట్టిన ఖాతాకే తిరిగి పోతుంది. కౌంటర్ టికెట్టయితే, బండి బయల్దేరాల్సిన సమయం నుంచి మూడు రోజుల లోపల కౌంటర్లో ఇవ్వాలి.

మనం ఎక్కే స్టేషన్లో బండి మూడు గంటలకు మించి ఆలస్యమై, మనం ప్రయాణం మానుకుంటే మొత్తం డబ్బు వస్తుంది. కానీ బండి నిజంగా కదిలే లోపలే టికెట్టు తిరిగివ్వాలి. ఆన్‌లైన్ టికెట్టయితే టీడీఆర్ పెట్టాలి.

వరద, ప్రమాదం, పట్టాలు కొట్టుకుపోవడం వల్ల బండి మధ్యలో ఆగి, రైల్వే వేరే ఏర్పాటు చేసి గమ్యానికి చేర్చలేకపోతే మొత్తం చార్జీ ఇవ్వాలి. ఏర్పాటు చేసినా మనమే వద్దంటే, పోయిన దూరానికి పట్టుకుని మిగతాది ఇస్తారు.

మూడోది కాగితం మీద మాట కాదు. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. కాజీపేట-విజయవాడ దారి ఆగింది. వందల బండ్లు రద్దయ్యాయి. ఆ రోజు ఈ నిబంధన ఎందరికి తెలుసో ఒకసారి ఆలోచించండి.

గడువు సాగిన కథ

2020లో కౌంటర్ టికెట్ల కష్టం ఏంటంటే, మూడు రోజుల్లో కౌంటర్‌కు పోవాలి, కానీ ఇల్లు దాటితే పోలీసులు. రైల్వే ఆ గడువును మొదట 45 రోజులు చేసింది. తర్వాత మూడు నెలలు, ఆ తర్వాత ఆరు నెలలు. 2021 జనవరిలో, 2020 మార్చి 21 నుంచి జూలై 31 దాకా ఉన్న ప్రయాణాలకు తొమ్మిది నెలలు చేసింది. ఆరు నెలలు దాటాక అసలు టికెట్లు జతచేసి క్లెయిమ్స్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు కూడా మొత్తం డబ్బు ఇవ్వచ్చని చెప్పింది.

ఇప్పుడు మా ముగ్గురి సంగతి. ఒకరి ఇంట్లో "బండే లేదు, ఇంక టికెట్టెందుకు" అని చింపేశారు. ఒకరి తమ్ముడు దారులు తెరవగానే, జూన్‌లో, పోయి మొత్తం తెచ్చుకున్నాడు. మూడో ఆయన నాన్న నవంబర్‌లో పోతే కౌంటర్‌లో "ఆరు నెలలు దాటింది పెద్దాయనా, రావు" అన్నారు. ఆయన ఊరికే తిరిగి రాలేదు. పక్కన టైపు కొట్టేవాడితో దరఖాస్తు రాయించి, టికెట్టుకు జిరాక్స్ తీసి ఇంట్లో పెట్టుకుని, అసలుది క్లెయిమ్స్ ఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో పంపారు. జనవరిలో కొత్త ఉత్తర్వు వచ్చింది, తర్వాత డబ్బూ వచ్చింది. ఆయన అడిగిన రోజున ఆ నిబంధనే లేదు. ఆయనలాంటివాళ్లు చాలామంది అడిగి ఉండబట్టే అది వచ్చిందని మేం అనుకుంటాం.

సొంత ఫోన్‌లో తీసినవాళ్లిద్దరికీ అడగకుండానే ఖాతాలో పడింది. మీరు రద్దు నొక్కకండి, మేమే వేస్తామని ఐఆర్‌సీటీసీ అప్పుడే చెప్పింది.

ఇక ఏజెంటు టికెట్లు. ఇలాంటి మోసం జరగొద్దనే 2019 అక్టోబర్‌లో ఐఆర్‌సీటీసీ ఓటీపీ పద్ధతి పెట్టింది. గుర్తింపు ఉన్న ఏజెంటు తీసిన టికెట్టు రద్దయితే, ఎంత వాపసు వచ్చిందో, దానికి ఓటీపీ ఎంతో ప్రయాణికుడి ఫోన్‌కు వస్తుంది. ఆ ఓటీపీ చెప్తేనే ఏజెంటు లెక్క తేలుతుంది. కానీ మా ముగ్గురి టికెట్ల మీద ఉన్నది ఏజెంటు సొంత నంబరే. "ఇంకా రాలేదన్నా" అని నెలల తరబడి అన్నాడు. ఇద్దరు ఊరికి పోయి పీఎన్ఆర్ చూపించి అడిగితే ఇచ్చాడు. మూడో అతను పోయేసరికి దుకాణమే లేదు.

చార్జీ ఎవరిది?

2020 మే 1న తెలంగాణలోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక్ స్పెషల్ కదిలింది. అందులో పోయినవాళ్లు మనలాంటి సైట్ కూలీలే. ఆగస్టు నెలాఖరు దాకా అలాంటి బండ్లు 4,621 నడిచాయి, 63 లక్షల మందికి పైగా ఇల్లు చేరారు. చార్జీ ఎవరు కట్టాలన్న గొడవ మీద మే 28న సుప్రీంకోర్టు, వలస కూలీల దగ్గర రైలుకు గానీ బస్సుకు గానీ చార్జీ తీసుకోవద్దని చెప్పింది. అదే మే నెలలో, 8న, సౌదీ నుంచి మొదటి వందే భారత్ విమానం రియాద్ నుంచి కోళికోడ్‌కు పోయింది. అందులో టికెట్టు ఎవరిది వాళ్లే కొనుక్కున్నారు. ఇద్దరూ వలస కూలీలే. ఒకరు దేశం లోపల ఉన్నారు, ఒకరు బయట ఉన్నారు, అంతే తేడా.

అయితే విమానం టికెట్ల మీద కూడా అడిగినవాళ్లున్నారు. ప్రవాసీ లీగల్ సెల్ వేసిన కేసులో 2020 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. లాక్‌డౌన్ రోజుల్లో, ఆ రోజుల ప్రయాణానికే బుక్ చేసిన టికెట్లకు మొత్తం వాపసు ఇవ్వాలంది. ఏజెంటు ద్వారా తీసినవైతే ఆ డబ్బు ఏజెంటు ప్రయాణికుడికి అందించాలని కూడా అంది.

ఆలస్యం మీద కూడా ఒక తీర్పు ఉంది. 2016లో అజ్మీర్-జమ్మూ బండి నాలుగు గంటలు ఆలస్యమై ఒక కుటుంబానికి శ్రీనగర్ విమానం పోయింది. 2021 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, ఆలస్యానికి సరైన కారణం రైల్వే చూపించలేకపోతే పరిహారం కట్టాల్సిందే అంది. టాక్సీ ఖర్చు 15 వేలు, బుకింగ్ ఖర్చు 10 వేలు, పైన మనోవేదనకు కూడా ఇప్పించింది. విమానం అందుకోవడానికి రైలెక్కే మనందరి కేసు అది.

ఇక్కడి రైలైనా అంతే

ఆగని రైలు ఏ దేశంలోనూ లేదు. 2019 సెప్టెంబర్ 29న జిద్దా సులేమానియా స్టేషన్ తగలబడి, మక్కా-మదీనా హరమైన్ రైలు ఆగింది. మళ్లీ డిసెంబర్ 18న గానీ నడవలేదు. ఇవాళ రియాద్-దమ్మామ్ బండి గానీ హరమైన్ గానీ ఎక్కే మన తమ్ముళ్లు కూడా టికెట్టును సొంత ఇకామా నంబరు, సొంత ఫోన్ మీదే తీసుకోండి.

సైట్‌లో మనం కొలత రాయకుండా స్లాబ్ వెయ్యం, సంతకం లేకుండా మెటీరియల్ దించం. టికెట్టు దగ్గర మాత్రం "అన్న చూసుకుంటాడులే" అంటాం. ఇండియా టికెట్టు మీద ఇంట్లో పనిచేసే నంబరు రాయించండి. పీఎన్ఆర్ ఫోటో వాట్సాప్‌లో ఇంటికి పంపండి. బండి రద్దయినా కాగితం చింపొద్దని అమ్మానాన్నలకు చెప్పండి. గడువు దాటిందని కౌంటర్‌లో అంటే, ఆ పెద్దాయన లాగా దరఖాస్తు రాసి పెట్టండి. మూడు గంటల హక్కు తొమ్మిది నెలలకు సాగింది అలా అడిగినవాళ్ల వల్లనే.