మళ్లీ పాకిన ప్రొఫెసర్

మోకాళ్లకు మెత్తటి పట్టీలు. పట్టు తప్పిన భుజం గోడకు ఆనించి, ఓ పెద్దాయన నేల మీద పాకుతున్నాడు. పక్కనే కొడుకు.

ఆయన పెద్రో బాక్-ఇ-రీటా. స్పెయిన్‌లో పుట్టిన కటలాన్ కవి, న్యూయార్క్ సిటీ కాలేజీలో అధ్యాపకుడు. 1950ల చివర్లో, 65 ఏళ్ల వయసులో పక్షవాతం వచ్చింది. ఒంట్లో సగభాగం చచ్చుబడింది, మాట పడిపోయింది. మెక్సికోలో వైద్యం చదువుతున్న కొడుకు జార్జ్ తండ్రిని తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆసుపత్రిలో నాలుగు వారాల చికిత్స తర్వాత కూడా, స్నానానికి ఎవరో ఒకరు ఎత్తి తీసుకెళ్లాల్సిందే.

జార్జ్‌కు ఫిజియోథెరపీ తెలియదు. మనిషి ముందు పాకుతాడు, ఆ తర్వాతే నడుస్తాడు కదా అనుకున్నాడు. అక్కడే మొదలుపెట్టాడు.

పక్షవాతం కాలి బలాన్నే కాదు, ఒళ్లు నిలదొక్కుకునే పట్టునూ తీసేస్తుంది. రోగి బరువంతా మంచి కాలి మీదే వేస్తాడు. వాడకపోయేసరికి రెండోది మరింత నీరసిస్తుంది. పాకేటప్పుడు ఆ తప్పించుకోవడం కుదరదు. చచ్చుబడిన చెయ్యీ కాలూ కూడా బరువు మోయాల్సిందే.

నెలలు గడిచాయి. పాకడం తోటలోకి మారింది. ముసలాయన్ని కుక్కలా పాకిస్తున్నాడని ఇరుగుపొరుగు కొడుకును తప్పుబట్టారు. జార్జ్ ఆపలేదు. నేల మీద గోళీలు దొర్లించి పట్టుకోమనేవాడు. గిన్నె మంచి చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తోమమనేవాడు. పాకడం నుంచి మోకాళ్ల మీదికి, అక్కడి నుంచి నిలబడడానికి, చివరికి నడకకు వచ్చాడు పెద్రో. 68 ఏళ్ల వయసులో మళ్లీ పాఠాలు చెప్పాడు. పెళ్లి చేసుకున్నాడు, కొండలెక్కాడు. కొలంబియాలో కొండ ఎక్కుతూ గుండెపోటుతో కన్నుమూశాడు.

శవపరీక్షలో తేలింది చూసి మరో కొడుకు పాల్ నివ్వెరపోయాడు. మెదడు పైపొర నుంచి వెన్నుకు వెళ్లే నరాల్లో 97 శాతం నాశనమయ్యే ఉన్నాయి. దెబ్బ మానలేదు. మిగిలిన దారులతోనే మెదడు పని నేర్చుకుంది. అప్పటికే మెదడు శాస్త్రవేత్త అయిన పాల్ పునరావాస వైద్యంలోకి మళ్లాడు. ఒంటి ఒరుగును నాలుక మీది స్పర్శతో తెలిపే పరికరాన్ని, తూలిపోయేవారి కోసం రూపొందించాడు.

మన ఇళ్లలో పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లను ప్రేమకొద్దీ మంచానికే పరిమితం చేస్తున్నాం. పాకించమని కాదు, ఎవరికి ఏ వ్యాయామం తగునో ఫిజియోథెరపిస్టు చెప్పాలి. కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చోవడం, గట్టి ఆసరా పట్టుకుని బరువు ఒక కాలి మీంచి మరో కాలి మీదికి మార్చడం వంటివి ఆయన నేర్పితే, పక్కన మనిషి నిలబడి రోజూ చేయించండి. కొన్ని వారాల్లో ఫలితం కనబడలేదని మాత్రం మానేయకండి.