రెడ్ కార్పెట్ ఫ్యాషన్, సినిమా దుస్తుల రూపకల్పన: చరిత్ర

సినిమా తొలి ప్రదర్శనలకు, పురస్కార సభలకు వచ్చే తారలు ఎర్ర తివాచీ మీద నడుస్తూ కెమెరాల ముందు ప్రదర్శించే వస్త్రధారణను రెడ్ కార్పెట్ ఫ్యాషన్ అంటారు. సినిమాలో పాత్రకు తగిన బట్టలు, నగలు, పాదరక్షలు సమకూర్చే కళను దుస్తుల రూపకల్పన అంటారు. సినీ పరిశ్రమ వాడుకలో అదే ‘కాస్ట్యూమ్స్’. హాలీవుడ్‌లో ఈ రెండూ తోబుట్టువులు. 1920ల నుంచి 1950ల దాకా తెర మీది పాత్రకూ, సభకు వెళ్లే తారకూ చాలావరకు ఒకే స్టూడియో దర్జీలు బట్టలు కుట్టారు. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. పాత్రను చూసుకునేవారు కాస్ట్యూమ్ డిజైనర్లుగా, తారను చూసుకునేవారు స్టైలిస్టులుగా స్థిరపడ్డారు. ప్రచారం స్టైలిస్టుల వైపు మళ్లింది గానీ, ప్రేక్షకుల మనసులో తరాల తరబడి నిలిచిన దుస్తుల్లో ఎక్కువ భాగం కాస్ట్యూమ్ డిజైనర్ల చేతి పనే.

ఎర్ర తివాచీ పుట్టుక

గౌరవసూచకంగా ఎర్రని వస్త్రం పరచడం ప్రాచీన గ్రీకు నాటకంలోనే కనిపిస్తుంది. క్రీ.పూ. 458లో ప్రదర్శితమైన ఈస్కిలస్ నాటకం ‘అగమెమ్నాన్’లో ట్రాయ్ యుద్ధం గెలిచి వచ్చిన రాజుకు భార్య ఎర్రని వస్త్రాలు పరిపిస్తుంది. దేవతలకు చెల్లాల్సిన మర్యాద మనిషికి తగదని అతడు జంకుతాడు. చివరికి దాని మీదే నడిచి లోపలికి వెళ్లి హతుడవుతాడు. ఆధునిక కాలానికి వస్తే, 1902లో అమెరికాలో మొదలైన ‘ట్వంటియత్ సెంచరీ లిమిటెడ్’ రైలు ఎక్కే ప్రయాణికుల కోసం ప్లాట్‌ఫాం మీద ఎర్ర తివాచీ పరిచేవారు.

సినిమాకు ఈ ఆచారాన్ని తెచ్చిన ఘనత థియేటర్ యజమాని సిడ్ గ్రామన్‌ది. 1922 అక్టోబరు 18న హాలీవుడ్‌లో ఆయన ఈజిప్షియన్ థియేటర్ డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ ‘రాబిన్ హుడ్’ చిత్రంతో ప్రారంభమైంది. ఆ రోజు తారలు ఎర్ర తివాచీ మీదుగా నడిచి వచ్చారు. ఆస్కార్ ఉత్సవంలో మాత్రం ఇది చాలా ఆలస్యంగా స్థిరపడింది. 1929 మే 16న హాలీవుడ్ రూజ్‌వెల్ట్ హోటల్లో జరిగిన తొలి ఉత్సవం ఒక విందు మాత్రమే. ఆస్కార్ సభలకు ఎర్ర తివాచీ 1961 నుంచి ఆనవాయితీ అయింది.

స్టూడియోల కాలం

మూకీల తొలినాళ్లలో సాంఘిక పాత్రలు వేసే నటీనటులు చాలావరకు సొంత బట్టలే తెచ్చుకునేవారు. 1920ల్లో పెద్ద స్టూడియోలు సొంత దుస్తుల విభాగాలు పెట్టుకున్నాయి. కత్తిరింపు, కుట్టు, అద్దకం, పూసల పని, టోపీలు, చెప్పులు అన్నీ ఒకే ప్రాంగణంలో తయారయ్యేవి. ఎం.జి.ఎం.లో ఏడ్రియన్, పారమౌంట్‌లో ట్రావిస్ బాంటన్, ఆయన తర్వాత ఈడిత్ హెడ్, వార్నర్ బ్రదర్స్‌లో ఓరీ-కెల్లీ ఆ విభాగాలను నడిపిన ఉద్దండులు.

1932లో వచ్చిన ‘లెట్టీ లింటన్’లో జోన్ క్రాఫోర్డ్‌కు ఏడ్రియన్ తయారుచేసిన బుట్టచేతుల తెల్లగౌను అమెరికా అంతటా దుకాణాల్లో నకళ్లుగా అమ్ముడుపోయింది. తెర మీద చూసిన బట్టను కొని కట్టుకోవాలన్న కోరిక ఎంత పెద్ద వ్యాపారమో స్టూడియోలకు అప్పుడు అర్థమైంది. 1939లో ‘గాన్ విత్ ద విండ్’ కోసం వాల్టర్ ప్లంకెట్ రూపొందించిన ఆకుపచ్చ వెల్వెట్ గౌను దుస్తులతో కథ చెప్పడానికి మేటి ఉదాహరణ. యుద్ధంలో సర్వస్వం పోగొట్టుకున్న కథానాయిక స్కార్లెట్ ఇంటి పరదాలు దించి కుట్టించుకున్న గౌను అది. ఆమె లేమి, పంతం, బింకం ఆ ఒక్క బట్టలో కనిపిస్తాయి.

అదే ఏడాది వచ్చిన ‘ద విజర్డ్ ఆఫ్ ఆజ్’లో డోరతీ వేసుకున్న కెంపుల చెప్పులు సాంకేతికత దుస్తులను ఎలా మారుస్తుందో చూపిస్తాయి. మూల నవలలో అవి వెండి చెప్పులు. టెక్నికలర్ చిత్రంలో పసుపు ఇటుకల బాట మీద కొట్టొచ్చినట్టు కనిపించడానికి వాటిని ఎరుపు చేశారు. మామూలు ఎరుపు ఆ కెమెరాలో నారింజ ఛాయకు తిరిగేది కాబట్టి ముదురు ఎరుపు చమ్కీలు ఎంచుకుని, ఎర్రరంగు వేసిన పట్టు జార్జెట్ మీద కుట్టి ఆ గుడ్డను చెప్పులకు తొడిగారు. మిగిలిన జతల్లో ఒకటి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. మరో జత 2024 డిసెంబరులో వేలంలో, రుసుములు కలుపుకుని 3.25 కోట్ల డాలర్లకు అమ్ముడైంది.

గుర్తింపు, పురస్కారాలు

ఆస్కార్లు మొదలైన దాదాపు ఇరవై ఏళ్ల దాకా దుస్తులకు పురస్కారం లేదు. 1949 ఉత్సవంలో తొలిసారి ఇచ్చారు. నలుపు-తెలుపు చిత్రాలకు, రంగుల చిత్రాలకు వేర్వేరుగా ఇచ్చిన ఆ పురస్కారాలు ‘హామ్లెట్’కు గాను రోజర్ ఫర్స్‌కు, ‘జోన్ ఆఫ్ ఆర్క్’కు గాను డొరతీ జీకిన్స్, బార్బరా కరిన్స్కాలకు దక్కాయి. 1953లో కాస్ట్యూమ్ డిజైనర్ల గిల్డ్ ఏర్పడింది.

ఈ రంగంలో ఈడిత్ హెడ్ రికార్డుకు సాటి లేదు. ఆమె 35 నామినేషన్లు పొంది 8 ఆస్కార్లు గెలిచారు. 1955 ఉత్సవంలో ఉత్తమ నటి పురస్కారం అందుకున్న గ్రేస్ కెల్లీ వేసుకున్న లేత నీలి శాటిన్ గౌను కూడా ఆమె రూపకల్పనే. స్టూడియో డిజైనరే సభకూ దుస్తులు ఇచ్చే పద్ధతికి అది గుర్తుండిపోయే ఉదాహరణ. ఆ పద్ధతి మారే సూచనలు కూడా ఆ రోజుల్లోనే కనిపించాయి. 1954 నాటి ‘సబ్రినా’లో ఆడ్రీ హెప్‌బర్న్ వేసుకున్న దుస్తుల్లో కొన్ని పారిస్ డిజైనర్ హ్యూబర్ట్ ద జివాన్షీ చేసినవి. ఆస్కార్ మాత్రం ఈడిత్ హెడ్ పేరు మీదే వచ్చింది. జివాన్షీ ఆడ్రీ హెప్‌బర్న్‌కు ఆస్థాన దర్జీ కావడం అక్కడ మొదలైంది. 1961 నాటి ‘బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్’ కోసం జివాన్షీ రూపొందించిన నల్లగౌను 2006లో లండన్ క్రిస్టీస్ వేలంలో 4,67,200 పౌండ్లు పలికింది. ఆ సొమ్ము భారతదేశంలోని పేదల కోసం పనిచేసే ‘సిటీ ఆఫ్ జాయ్ ఎయిడ్’ సంస్థకు చేరింది.

టెలివిజన్, ఫ్యాషన్ సంస్థల ప్రవేశం

ఆస్కార్ ఉత్సవం 1953లో తొలిసారి టీవీలో, 1966లో తొలిసారి రంగుల్లో ప్రసారమైంది. సభా మందిరానికే పరిమితమైన గౌనును లక్షల ఇళ్లలో చూడసాగారు. ఇదే కాలంలో స్టూడియోల పట్టు సడలింది. దీర్ఘకాల ఒప్పందాలు పోయి తారలు స్వతంత్రులయ్యారు. వాళ్ల సభా దుస్తులు చూసుకునే విభాగాలూ కుదించుకుపోయాయి. 1970, 80లలో చాలామంది తమకు తోచినట్టే ముస్తాబై వచ్చారు. 1986లో షెర్ వేసుకున్న బాబ్ మాకీ నల్ల దుస్తులు, ఈకల కిరీటం ఆ స్వేచ్ఛకు పరాకాష్ఠ.

ఆ ఖాళీని ఇటలీ డిజైనర్ జార్జియో అర్మానీ చక్కగా పట్టుకున్నారు. 1980లో ‘అమెరికన్ జిగొలో’లో రిచర్డ్ గేర్‌కు ఇచ్చిన సూట్లతో ఆయన పేరు హాలీవుడ్‌లో మారుమోగింది. తర్వాత బెవర్లీ హిల్స్‌లో ఒక ప్రతినిధిని నియమించి, తారలకు సభా దుస్తులు సమకూర్చే ఏర్పాటు చేశారు. 1990 ఆస్కార్లలో ఎందరో తారలు అర్మానీ దుస్తుల్లోనే కనిపించారు. 1995లో ఉమా థర్మన్ వేసుకున్న లేత ఊదారంగు గౌనుతో ప్రాడా, 2002లో హేలీ బెర్రీ గౌనుతో లెబనాన్ డిజైనర్ ఎలీ సాబ్ ప్రపంచానికి మరింత పరిచయమయ్యారు. నగల సంస్థలు ఇంకా ముందే వచ్చాయి. 1944లో జెన్నిఫర్ జోన్స్‌కు హ్యారీ విన్‌స్టన్ వజ్రాలు అరువిచ్చారు.

1990ల మధ్య నుంచి జోన్ రివర్స్ వంటి వ్యాఖ్యాతలు తివాచీ పక్కన నిలబడి ‘ఎవరి దుస్తులు వేసుకున్నారు’ అని అడగడం మొదలుపెట్టారు. గౌను డిజైనర్ పేరు అలా వార్త అయింది. 2000 గ్రామీ సభలో జెన్నిఫర్ లోపెజ్ వేసుకున్న ఆకుపచ్చ వెర్సాచీ గౌను కోసం జనం అంతర్జాలంలో విపరీతంగా వెతికారు. 2001లో వచ్చిన గూగుల్ ఇమేజెస్‌కు ఆ వెతుకులాట ఒక ప్రేరణ అని ఆ సంస్థ అధిపతిగా పనిచేసిన ఎరిక్ ష్మిట్ తర్వాత రాశారు.

పని జరిగే తీరు

తివాచీ దుస్తులు ఎక్కువగా అరువువే. స్టైలిస్ట్ ఫ్యాషన్ సంస్థల నుంచి పలు నమూనాలు తెప్పించి, తారకు తొడిగి చూసి, ఒకటి ఎంచుకుని కొలతలకు సరిచేయిస్తారు. ఉత్సవం అయ్యాక బట్టలు, నగలు వెనక్కి వెళ్తాయి. ఇటీవల ప్రచార దుస్తులు సినిమా కథనే అనుసరిస్తున్నాయి. 2023లో ‘బార్బీ’ ప్రచారానికి మార్గో రాబీ పాత బార్బీ బొమ్మల వేషాలను పోలిన దుస్తుల్లో వచ్చారు. 2024లో ‘డ్యూన్’ రెండో భాగం లండన్ ప్రదర్శనకు జెండాయా 1995 నాటి మ్యూగ్లర్ రోబో కవచం తొడుక్కున్నారు. ఆమె స్టైలిస్ట్ లా రోచ్.

కాస్ట్యూమ్ డిజైనర్ పని స్క్రిప్టుతో మొదలవుతుంది. ఏ సన్నివేశం ఏ రోజు, ఏ వేళ జరుగుతుందో పట్టిక వేసుకుని, పాత్ర వయసు, సంపాదన, వృత్తి, మనఃస్థితి మారే చోట్ల బట్టలు మార్చుకుంటూ పోవాలి. పోరాట సన్నివేశానికి ఒకే చొక్కాను చాలా ప్రతులు కుట్టిస్తారు. ఒకటి శుభ్రమైనది, ఒకటి బురదపట్టినది, ఒకటి చిరిగినది, ఒకటి డూపు కొలతలది. కొత్త బట్ట కొత్తగా కనిపిస్తే పాత్ర నమ్మబుద్ధి కాదు. అందుకే మోచేతుల దగ్గర గరుకు కాగితంతో రుద్దుతారు, ఉతికి ఉతికి వెలిసిపోయేలా చేస్తారు. తెల్లచొక్కా లైట్ల కింద మెరవకుండా టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టడం పాత చిట్కా. ప్రేక్షకుడు గమనించనంత సహజంగా కుదిరితేనే ఈ పని నెగ్గినట్టు.

భారతీయుల పాత్ర

ఆస్కార్ గెలిచిన తొలి భారతీయ వ్యక్తి కాస్ట్యూమ్ డిజైనరే. కొల్హాపూర్‌లో 1929లో పుట్టిన భాను అథైయా చిత్రకళ చదివి, పత్రికలకు ఫ్యాషన్ బొమ్మలు గీసి, 1950ల్లో హిందీ చిత్రాల్లోకి వచ్చారు. ‘ప్యాసా’, ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’, ‘గైడ్’, ‘ఆమ్రపాలి’ చిత్రాలకు పనిచేశారు. రిచర్డ్ ఆటెన్‌బరో ‘గాంధీ’ (1982)కి జాన్ మోలోతో కలిసి ఆస్కార్ అందుకున్నారు. దక్షిణాఫ్రికాలో సూటు బూటు వేసుకున్న న్యాయవాది కొల్లాయి గట్టిన మహాత్ముడిగా మారడం ఆ చిత్రంలో దుస్తుల ద్వారానే కళ్లకు కడుతుంది. తన తదనంతరం భద్రంగా ఉండాలని ఆమె 2012లో ఆ ప్రతిమను అకాడమీకే తిరిగి ఇచ్చారు. 2020 అక్టోబరులో మరణించారు. కాన్ చలనచిత్రోత్సవంలో 2002లో ‘దేవదాస్’ ప్రదర్శనకు ఐశ్వర్యా రాయ్ నీతా లుల్లా రూపొందించిన పసుపు చీరలో రావడం తర్వాతి భారతీయ తారలకు దారి వేసింది.

తెలుగు సినిమా

‘మాయాబజార్’ (1957) పాత్రల వేషధారణకు మాధవపెద్ది గోఖలే ముందుగా స్కెచ్‌లు గీశారు. పౌరాణిక పాత్ర అనగానే తెలుగువారి ఊహలో మెదిలే కిరీటం, భుజకీర్తుల తీరుకు ఆ బొమ్మల ప్రభావం చాలా ఉంది. 1970ల్లో వాణిశ్రీ చీరకట్టు, పెద్ద కొప్పు ఇంటింటి ఫ్యాషన్ అయ్యాయి. మద్రాసులో కాస్ట్యూమ్స్ విభాగంలో పేరు తెచ్చుకున్న కృష్ణ, ‘భారత్ బంద్’ (1991)తో నటుడయ్యాక కూడా ‘కాస్ట్యూమ్స్ కృష్ణ’గానే నిలిచారు. ‘బాహుబలి’ చిత్రాలకు రమా రాజమౌళి, ప్రశాంతి తిపిర్నేని పనిచేశారు. సావిత్రి జీవితకథ ‘మహానటి’ (2018)కి ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు ఉత్తమ కాస్ట్యూమ్ డిజైనర్లుగా జాతీయ పురస్కారం అందుకున్నారు. గౌరంగ్ షా హైదరాబాదు కేంద్రంగా చేనేతపై పనిచేసే డిజైనర్.

2023 మార్చిలో ‘ఆర్ఆర్ఆర్’ బృందం ఆస్కార్‌కు వెళ్లినప్పుడు తివాచీ లేత షాంపేన్ రంగులో ఉంది. 1961 తర్వాత ఎరుపు మారడం అదే మొదలు. జూనియర్ ఎన్టీఆర్ భుజం మీద బంగారు దారాల పులి ఉన్న గౌరవ్ గుప్తా నల్ల వెల్వెట్ బంద్‌గలాలో, రామ్‌చరణ్ శాంతను, నిఖిల్ రూపొందించిన దుస్తుల్లో నడిచారు. ఆ చిత్రంలోని ‘నాటు నాటు’ పాటకు కీరవాణి, చంద్రబోస్ పురస్కారం అందుకున్నారు.

విమర్శలు, మార్పులు

నటులను పని గురించి, నటీమణులను గౌను గురించి అడగడం మీద 2015 ప్రాంతంలో ‘ఆస్క్ హర్ మోర్’ ప్రచారం సాగింది. 2018 గోల్డెన్ గ్లోబ్స్‌లో లైంగిక వేధింపులకు నిరసనగా తారలు నల్లదుస్తుల్లో వచ్చారు. వృథా తగ్గించాలని 2020 పురస్కారాల కాలమంతా వాకీన్ ఫీనిక్స్ ఒకే సూటు వేసుకున్నారు. 2019లో ‘బ్లాక్ పాంథర్’కు రూత్ ఇ. కార్టర్ గెలిచి, దుస్తుల విభాగంలో ఆస్కార్ పొందిన తొలి నల్లజాతి మహిళ అయ్యారు. మహిళలు ఎక్కువగా ఉన్న ఈ వృత్తిలో తోటి శాఖలతో సమాన వేతనం కోసం గిల్డ్ పోరాడుతూనే ఉంది. 2025లో కాన్ ఉత్సవం నగ్నత్వాన్ని, దారికి అడ్డం వచ్చే భారీ గౌన్లను నిషేధించింది.

దుస్తులను కళగా భద్రపరిచే ప్రయత్నం పాశ్చాత్య దేశాల్లో ముందుకు సాగింది. 2012లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం హాలీవుడ్ దుస్తులతో పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసింది. 2021లో లాస్ ఏంజెలెస్‌లో అకాడమీ మ్యూజియం తెరుచుకుంది. తెలుగు సినిమాకూ అలాంటి పని కావాలి. నిర్మాతల గోదాముల్లో, నటుల, కాస్ట్యూమర్ల ఇళ్లలో ఉన్న కిరీటాలు, చీరలు, స్కెచ్‌లు చెదలు పట్టకముందే పేర్లు, సంవత్సరాలు రాసి భద్రపరచాలి. వాటిని కుట్టిన, గీసిన చేతుల పేర్లు తెలిసినవారు ఇంకా మన మధ్య ఉండగానే ఆ పని మొదలు కావాలి.